కొరమీను - దాని జీవితము, దాని రక్షణ

(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ మందిరములో చేపను గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కాని తెలుగునాట గ్రంథాలయోద్యమము మొదటినుండియు కావ్యపురాణములతోపాటు ప్రకృతిశాస్త్రమునకును పీట వేసినది. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. అచ్చటనే 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రలతోపాటు శాస్త్రగ్రంథములను గూడ తెలుగున ప్రకటించెను. దూరదేశముల వింతజంతువులను గూర్చి చదువుట యెంత యవసరమో, ఊరి చెరువులో నిత్యము కనబడు ప్రాణిని గూర్చి తెలిసికొనుట అంతకంటె అవసరము.

అట్టి ప్రాణులలో కొరమీను ముఖ్యమైనది. తెలంగాణ రాష్ట్రము 2016లో దీనిని రాష్ట్ర మత్స్యముగా ఎన్నుకొన్నది. బిరుదు లభించినది, సంతోషమే. కాని బిరుదు పొందిన ప్రాణికి నివాసము మిగిలినదా యనునది విచారింపదగిన విషయము.

ఈ చేపను తెలుగువారు కొరమీననియు, కొర్రమట్ట యనియు అందురు. హైదరాబాదు బజారులో దీనిని మురల్ అని అమ్ముదురు. తమిళులకు ఇది విరాల్, వంగదేశీయులకు శోల్. భారతదేశమునందేకాక తూర్పున థాయిలాండు, మలయా దేశములవరకు మంచినీట నివసించును. మట్టగిడస, పూమీను దీని దగ్గరి చుట్టములు. 1793లో బెర్లిను నగరమున వైద్యుడుగానుండిన బ్లాఖ్ పండితుడు దీనికి ఓఫిసెఫాలస్ స్ట్రయేటస్ అని శాస్త్రనామ ముంచెను. పామువంటి తలయు, ఒంటిమీద చారలును గలదని దాని అర్థము. నేడు శాస్త్రజ్ఞులు చన్నా స్ట్రయేటా యని వ్యవహరించుచున్నారు.

కొరమీను ఒడలు గుండ్రముగా, పొడవుగా నుండును. వీపు నలుపు కలసిన పచ్చదనముతో, పొట్ట తెల్లగా, ప్రక్కలు వాలుచారలతో నుండును. తలమీది పెద్ద పొలుసులు పాముతలను తలపించును. నోరు వెడల్పు, పండ్లు వాడి. వీపుమీది రెక్క తలవెనుకనుండి తోకదాపువరకు సాగియుండును. సాధారణముగా అడుగు, అడుగున్నర పొడవుగల చేపలు దొరకును. మూడడుగులవరకు పెరిగినవియు కలవు. ఇది మాంసాహారి. పురుగులు, రొయ్యలు, చిన్న చేపలు, కప్పలు దీని ఆహారము. నాచుచాటున కదలక పొంచియుండి, ఎర దగ్గరకు రాగానే ఒక్క ఉరుకున మ్రింగును. అడవికి పులి యెట్టిదో చిన్న చెరువునకు కొరమీను అట్టిది.

దీని జీవితములో మొదటి వింత ఊపిరి. చేపలన్నియు మొప్పలతో నీటిలో కరగిన ప్రాణవాయువును గ్రహించునని పాఠశాలలో పిల్లలు చదువుకొందురు. కాని నీటిలో ఆ వాయువు మిక్కిలి తక్కువ. ఒక లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువుండగా, 25 డిగ్రీల వెచ్చదనముగల ఒక లీటరు నీటిలో దాదాపు 6 మిల్లీలీటర్లు మాత్రమే కరగి నిలుచును. నీరు వేడెక్కినకొలది అదియు తగ్గిపోవును. రాత్రివేళ చెరువులోని నాచు సైతము ప్రాణవాయువును వాడుకొనును. క్రుళ్లుచున్న ఆకులలములు మిగిలినదానిని హరించును. వేసవిలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుకొనుటకు ఇదియే కారణము.

కొరమీనుకు ఈ బాధ లేదు. దాని తలలో, మొప్పలకు పైభాగమున, ఇరుప్రక్కల రెండు గదులు కలవు. వాని లోపలి పొర ముడుతలుపడి సన్నని రక్తనాళములతో నిండియుండును. చేప నీటిపైకి వచ్చి, పాతగాలిని విడిచి, క్రొత్తగాలిని మ్రింగి ఆ గదులలో నింపుకొనును. రక్తము అచ్చటనే ప్రాణవాయువును గ్రహించును. పెద్ద కొరమీనుకు మొప్పలు మాత్రమే చాలవు. నీటిపైకి రాకుండ వల అడ్డుపెట్టినచో ఊపిరాడక నీటిలోనే చచ్చును. చేప నీట మునిగి చచ్చుట వినుటకు వింతగా నున్నను నిజమే.

ఈ శక్తివలననే కొరమీను వేసవిని గడపగలుగుచున్నది. రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దలమాట. చెరువు అడుగంటి బురద మాత్రమే మిగిలినప్పుడు అది ఆ బురదలో చొరబడి, చర్మమును, శ్వాసగదులను తడి ఆరకుండ కాపాడుకొనుచు వానకై వేచియుండును. బురద పూర్తిగా ఎండి బీటలు వారినచో మాత్రము బ్రతుకజాలదు. తొలకరి పడినంతనే తడిగడ్డిమీద ప్రాకుచు ఒక గుంటనుండి మరియొక గుంటకును, కాలువల వెంబడి వరిమళ్లలోనికిని పోవును. నది, వాగు, చెరువు, వరిమడి - ఈ నాలుగును దానికి ఒకే యిల్లు. ఋతువునుబట్టి గది మార్చుకొనుచుండును. కొద్దిపాటి నీరున్న కుండలో చాలసేపు బ్రతికియుండుటచేత జాలరులు దీనిని ప్రాణముతోనే సంతకు తెత్తురు. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ. కావున ధరయు ఎక్కువ.

గాలి పీల్చు చేపల రహస్యమునకును హైదరాబాదు తూర్పుభాగముననున్న హబ్సిగూడ, తార్నాకల పరిసరములకును ఒక సంబంధము కలదు. 1918లో ఉర్దూ బోధనభాషగా స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తరువాత అడిక్‌మెట్టున విశాలమైన ప్రాంగణ మేర్పడెను. 1939లో ఆర్ట్సు కళాశాల భవనము తెరువబడెను. ఆ ప్రాంగణము నానుకొని తార్నాక, దానికావల హబ్సిగూడ. ఆ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడుగానుండిన బి. కె. దాస్, భారతదేశపు గాలిపీల్చు చేపల జీవితమును, వాని శ్వాసావయవములు ఏర్పడు విధమును గూర్చి తాను చేసిన పరిశోధనను 1927లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. 1940లో మద్రాసున సమావేశమైన భారత విజ్ఞాన మహాసభలో జంతుశాస్త్ర శాఖకు అధ్యక్షత వహించి, చేపలకు గాలిపీల్చు శక్తి ఎట్లు, ఏ కారణములచేత అలవడినదను విషయముమీదనే ప్రసంగించెను. ఏ విద్యార్థియైనను ఏ చెరువుగట్టున నిలిచియైనను చూడగల సామాన్యమైన చేప అంతటి విద్వత్సభకు యోగ్యమైన విషయమైనది.

ఇక రెండవ వింత, సంతాన పోషణము. దీనిని తెలిసికొననివారికి ఈ చేప రక్షణ యెట్లో తెలియదు.

రోహు, బొచ్చె మొదలగు చేపలు వరదనీటిలో లక్షలకొలది గ్రుడ్లు పెట్టి, వానిని ప్రవాహమునకు విడిచి తమదారిని పోవును. ఆ లక్షలలో ఏ కొన్నియో బ్రతుకును. కొరమీను పద్ధతి వేరు. ఇది వేలలెక్కన మాత్రమే గ్రుడ్లు పెట్టును. కాని కాపలా కాయును. వానలు మొదలుకాగానే ఆడ మగ జతకూడి చెరువు అంచున, లోతు తక్కువగానున్న చోట, నాచును గడ్డిని తొలగించి గుండ్రని చోటు ఏర్పరచుకొనును. అందు పెట్టిన గ్రుడ్లు తేనెరంగుతో ముత్యములవలె నీటిపై తేలును. ప్రతిగ్రుడ్డులోను నూనెబొట్టు ఉండుటచేత అవి మునుగవు. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. కొన్ని దినములు గడచినపిమ్మట అవి ఎఱ్ఱని రంగు దాల్చి గుంపుగా తిరుగ నారంభించును. గుంపంతయు ఒక్కమాటు పైకి లేచి గాలి మ్రింగి మరల క్రిందికి దిగును. దూరమునుండి చూచువారికి నీటిలో కుంకుమ కలియబెట్టినట్లుండును. ఆ గుంపు క్రిందనే తల్లిదండ్రులు, ముఖ్యముగా మగచేప, కావలి తిరుగుచుండును. కప్పగాని, మరియొక చేపగాని దాపునకు వచ్చినచో మీదపడి తరుముును. పిల్లలు రెండంగుళములవరకు ఎదిగి ఎఱ్ఱరంగు పోయి చెదరిపోవువరకు, సుమారు నెలదినములు, ఈ కాపలా సాగును.

ఇచ్చటనే ఆపద కూడ కలదు. ఎఱ్ఱపిల్లల గుంపు కనబడినచో దాని క్రింద పెద్దచేప యున్నదని జాలరికి తెలియును. కప్పపిల్లను గాలమునకు గ్రుచ్చి ఆ గుంపు నడుమ వేసినచో కావలిచేప ఆకలి లేకున్నను కోపముతో దానిని పట్టుకొనును. బిడ్డలను కాపాడబోయిన తండ్రి గాలమునకు చిక్కును. సంతకు పోయినది ఒక్క చేప. కాని దిక్కులేని పిల్లలు దినములు తిరుగకమునుపే కప్పలకు, చేపలకు, కొంగలకు ఆహారమగును. లక్షలకొలది గ్రుడ్లు పెట్టు చేపను పట్టుటయు, కావలికాయు చేపను పట్టుటయు సమానములు కావు. మొదటిది పంటలో ఒక కంకిని కోయుట. రెండవది విత్తనపు గాదెకు నిప్పు పెట్టుట.

తెలంగాణమున మృగశిర కార్తె ప్రవేశించిన దినమున, అనగా జూన్ మొదటి భాగమున, చేప తినుట ఆచారము. ఆ దినము సంతలలో కొరమీనుకు గిరాకి మెండు. హైదరాబాదు నాంపల్లి ప్రదర్శనశాల మైదానమున ఉబ్బసరోగులకు చిన్న కొరమీను పిల్లల నోట మందుంచి మ్రింగించు వాడుకయు ఆనాటిదే. ఆ మందు గుణమును శాస్త్రము ఇంకను ధ్రువపరచలేదు. ఆచారమును నిందించుట ఈ ప్రసంగమున కుద్దేశము కాదు. కాని మృగశిరయే కొరమీను గ్రుడ్లు నిండియుండు కాలమను సంగతి ఆచారము పాటించువారు ఎరుగవలెను. పెంపకపు చేపతోను ఆచారము చెల్లును. చెరువులోని తల్లిచేపతోనే చెల్లవలెనను విధి లేదు.

ఈ చేపకు గల ఇతర ఆపదలను గూడ గమనింపవలెను. గోదావరి పులస సముద్రమునుండి నదికి ఎదురెక్కును. ధవళేశ్వరమువద్ద 1852లో పూర్తియైన ఆనకట్ట దాని బాటకు అడ్డము. కొరమీనుకు ఆనకట్టలవలన అంత చిక్కు లేదు. దానికి కావలసినది చెరువు అంచున మోకాటిలోతు నీరు, అందు కొంత గడ్డి, వేసవికి కొంత బురద. ఈ మూడును పోయినచో చెరువు నిండుగానున్నను కొరమీను నిలువదు.

హబ్సిగూడ చుట్టుపట్లనే దీనికి నిదర్శనము కలదు. నాచారపు పెద్దచెరువు, రామంతాపురపు పెద్దచెరువు, ఉప్పలు నల్లచెరువు ఒకప్పుడు పల్లెల చెరువులు. వాని క్రింద వరి పండెడిది. దక్షిణమున మూసీ. అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమ పారి, వాడపల్లివద్ద కృష్ణలో కలయు నది యిది. 1908 సెప్టెంబరు 28వ తేదీ వరదలో వేలకొలది జనులను పొట్టబెట్టుకొన్నదియు ఇదియే. నగరము పెరిగినకొలది వరిమళ్లు ఇళ్లస్థలములైనవి. చెరువుల శిఖములు తరిగినవి. మురుగునీరు నదిలోను చెరువులలోను చేరినది. చెరువు మిగిలినను అంచు మిగులలేదు. నది, వాగు, చెరువు, మడి యను నాలుగుగదుల యింటిలో మడి మాయమైనది, వాగు మురుగుకాలువ యైనది.

మరియొక మోసము కూడ కలదు. కొరమీను గాలి పీల్చును గనుక ఇతర చేపలు చచ్చిన మురుగునీటిలో సైతము కొంతకాలము బ్రతుకును. అది బ్రతికియున్నదని చూచి నీరు మంచిదని తలంపరాదు. మునుపు చెరువునీటి మంచిచెడ్డలను చేపలే చెప్పెడివి. ఈ చేప మాత్రము ఆ సాక్ష్యము చెప్పజాలదు.

వ్యాధియు దీనిని విడువలేదు. 1988లో ఈశాన్య భారతమున ప్రవేశించి ఇతర రాష్ట్రములకు ప్రాకిన పుండ్లరోగము కొరమీను జాతులను ముందుగా పట్టినది. ఒక విధమైన బూజు చర్మమును మాంసమును తొలిచి పుండ్లు చేయును. పరదేశపు చేపలు వేరొక బెడద. ఆఫ్రికా జాతియైన తిలాపియాను 1952లో ఈ దేశమునకు తెచ్చిరి. ఆఫ్రికా మార్పు అను పెద్ద మీసాల చేప అన్నిటిని మ్రింగునదగుటచే కేంద్రప్రభుత్వము 2000లో దాని పెంపకమును నిషేధించినది. ఐనను అచ్చటచ్చట దొంగతనముగా పెంచుచునే యున్నారు. అది తప్పించుకొని చెరువులలో చేరినచో కొరమీను పిల్లలకు బ్రతుకు లేదు.

చేపల పెంపకమువారికి కొరమీను శత్రువుగా తోచుటయు సహజమే. రోహు పిల్లలను తినునుగదా! అందుచే పిల్లలను విడుచుటకు ముందు ఇప్పచెక్క చల్లి చెరువులోని మాంసాహారపు చేపలను చంపుట పెంపకములో వాడుక. పెంపకపు గుంటలో అది తగును. కాని ఊరుమ్మడి చెరువులోను అట్లే చేసినచో తరతరములనుండి వచ్చుచున్న విత్తనము తుడిచిపెట్టుకొనిపోవును.

కొరమీనును పెంచి విత్తనము తీయరాదా యని ప్రశ్న కలుగును. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురి ఒరిస్సాలో పీయూషగ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి గండుచేపల జాతులచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. నేటి చేపల పెంపకమునకు అది పునాది. కొరమీనుచే గూడ ఆ రీతిని గ్రుడ్లు పెట్టించవచ్చును. చిక్కు గ్రుడ్లలో లేదు, పిల్లలను పోషించుటలో నున్నది. మొదటి దినములలో వానికి కదలాడు ప్రాణులే ఆహారము కావలెను. పెద్దవి చిన్నవానిని మ్రింగును. కావున తరచుగా పరిమాణమునుబట్టి ఏరి వేరుచేయుచుండవలెను. శ్రమపడి ఈ విద్య నేర్చినవారు లాభము గాంచుచున్నారు. పెంపకము పెరిగినకొలది చెరువులోని చేపమీది ఒత్తిడి తగ్గును.

హబ్సిగూడలో నేడు సి.సి.ఎం.బి. అను జీవకణ పరిశోధనాకేంద్రము కలదు. 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున మొదలైన యీ సంస్థకు చెందిన శాఖ యొకటి, అంతరించుచున్న జంతుజాతుల రక్షణకై, అత్తాపురమున పనిచేయుచున్నది. చిన్న మాంసపుతునుకలోని డి.ఎన్.ఎ.నుబట్టి అది యే జంతువుదో చెప్పు పద్ధతిని లాల్జీ సింగ్ ప్రభృతులు అచ్చట రూపొందించిరి. అట్టి విద్య దొంగవేటను పట్టుకొనుటకు ఉపకరించుచున్నది. కాని చెరువు అంచున గడ్డి నిలుపుట ఏ ప్రయోగశాలయు చేయగల పని కాదు. అది ఊరివారి పని.

కొరమీను జాతి భూమిమీదనుండి నశించునను భయము నేడు లేదు. విశాలమైన దేశములలో వ్యాపించియున్నది గనుక ప్రపంచ సంరక్షణ పట్టికలలో అది అపాయములేని జాతుల వరుసలోనే యున్నది. నశించునది ఊరి చెరువులోని కొరమీను. పట్టికలో జాతి క్షేమముగా నుండగనే ఒక్కొక్క చెరువునుండి అది మాయమగును. ఊరివాడు గమనింపనిచో ఆ నష్టము ఏ లెక్కలోను చేరదు.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. ఎఱ్ఱపిల్లలు కనబడు వానకాలపు నెలలలో ఆ గుంపుమీద గాలము, ఊత, వల వేయరాదని మత్స్యకారుల సంఘమే కట్టడి చేసికొనవలెను. బెస్తలు, ముదిరాజులు ఈ చేప నడవడిని గ్రంథములకంటె బాగుగా ఎరిగినవారు. వారి మాటకు చెరువుగట్టున విలువ కలదు. చెరువులో ఒక మూలను గడ్డితో, తామరతో అట్లే విడువవలెను. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకమున వేలకొలది చెరువుల పూడిక తీయబడినది. పూడిక తీయుట మంచిదే. కాని అంచును నిలువుగా కోయక వాలుగా విడిచి, నడుమ వేసవికి నిలుచు లోతుమడుగు నొకదానిని ఉంచినచో రైతునకు నీరు, చేపకు నెలవు రెండును దక్కును. పరదేశపు చేపలను చెరువులో విడువరాదు. ప్రేలుడుమందుతోను విషముతోను చేపలను చంపుట 1897 నాటి మత్స్యశాసనమునుండియు నేరమే. శాసనమున్న సంగతి పదిమందికి తెలియజెప్పవలెను.

గ్రంథాలయము చేయదగిన పని మరియొకటి కలదు. బల్లమీద ఒక లెక్కపుస్తకము ఉంచవలెను. ఏటేట తొలకరి ఏనాడు పడినది, చెరువు ఏనాడు అలుగు పారినది, ఎఱ్ఱపిల్లల గుంపు మొదట ఏనాడు ఏ మూల కనబడినది, ఎన్ని గుంపులు లెక్కకు వచ్చినవి - ఇంతమాత్రము వ్రాసిన చాలును. వ్రాయువారు బడిపిల్లలు, చెప్పువారు జాలరులు కావచ్చును. ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము. ఏ విశ్వవిద్యాలయమువద్దను ఈ చెరువు లెక్క లేదు; వ్రాసినచో దానిని వెదకికొని విశ్వవిద్యాలయములే రాగలవు.

ఇరువదియైదు సంవత్సరములు ఊరికి చదువు పంచిన యీ సంస్థకు రజతోత్సవము జరుగుచున్నది. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకమున ఇరువదియైదు వానకాలముల వ్రాత యుండవలెను. అప్పటి పిల్లలు గట్టుమీద నిలిచి, అంచునీటిలో కుంకుమవంటి గుంపు గుటకవేసి క్రుంకుటను కన్నులార చూచి వచ్చి, ఆ సంవత్సరపు పుటలో తారీఖు వేయగలిగినచో, గ్రంథాలయమును చెరువును రెండును బ్రతికియున్నవని చెప్పవచ్చును.